గోలెం దగ్గర గవ్వ

పిల్లలూ! మీ ఇంట్లో పిల్లి ఉన్నదా? ఉంటే దాని వయసెంతో చెప్పండి చూద్దాం!

ఎద్దు వయసు అడిగితే రైతు దాని పళ్లు చూసి చెపుతాడు. ఆవు ఎన్ని ఈతలు ఈనిందో ఇంటిల్లిపాదికీ తెలుసు. పిల్లి వయసు మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. ఒకనాడు ఎక్కడినుంచో ఒక పిల్లి వస్తుంది. వడ్లగుమ్మి చాటున ఈనుతుంది. పిల్లల్ని ఏడిళ్లూ తిప్పుతుంది. వాటిలో ఒకటి మన ఇంట్లో మిగిలిపోతుంది. ఇక అది ఎప్పటికీ అట్లాగే ఎలుకలను పట్టుకుంటూ, గోడలు దూకుతూ ఉంటుందని అందరూ అనుకుంటారు.

కాని పిల్లికీ ముసలితనం వస్తుంది. దాని లెక్క చిత్రంగా ఉంటుంది. పిల్లికి మొదటి ఏడు నిండితే మన లెక్కలో 15 ఏళ్లు వచ్చినట్టు. రెండో ఏడు నిండితే 24. ఆ తరవాత ఏడాదికి నాలుగేసి చొప్పున కలుపుకుంటూ పోవాలి. మా గవ్వకు మొన్న సంక్రాంతికి 14 ఏళ్లు నిండాయి. 24కు పన్నెండు నాలుగులు కలపండి. ఎంత? 72! అంటే మీ తాతయ్య వయసన్నమాట. పది, పదకొండేళ్లు దాటిన ప్రతి పిల్లినీ ముసలి పిల్లి కిందనే లెక్కవేయాలని వైద్యులు అంటారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు ఆస్టిన్ నగరంలో క్రీమ్ పఫ్ అనే పిల్లి 1967లో పుట్టి 2005 దాకా, అంటే 38 ఏళ్లు బతికింది. మన లెక్కలో అది ఎన్నేళ్లో మీరే వేసుకోండి. అట్లాంటి పిల్లి కోటికి ఒకటి ఉంటుందో లేదో!

కరీంనగర్‌లో మాది పాత పెంకుటిల్లు. పక్కనే బియ్యం దుకాణం ఉన్నది గనక ఎలుకలకు కొదవ లేదు. గవ్వ ఒళ్లంతా తెలుపు, అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు. చుట్టచుట్టుకుని పడుకుంటే అచ్చం పెద్ద గవ్వలాగే ఉంటుంది. అందుకే ఆ పేరు.

"ముసలిదైన పిల్లి ఇంట్లో చావదు, ఇల్లు విడిచి పోతుంది" అని మా నాయనమ్మ అంటూ ఉండేది. మీ ఇళ్లలో కూడా పెద్దవాళ్లు ఈ మాట అనే ఉంటారు. ఇందులో నిజం కొంత ఉన్నది. జబ్బు చేసిన పిల్లి మంచం కిందికో, అటక మీదికో, పక్కింటి గడ్డివాములోకో పోయి దాక్కుంటుంది. ఎందుకో తెలుసునా?

కవ్వాల్ అడవి పేరు మీరు వినే ఉంటారు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఈ అడవిని 2012లో పులుల సంరక్షణకేంద్రంగా ప్రకటించారు. ఆ అడవిలో పులీ, చిరుతా మాత్రమే కాదు, మన ఇంటి పిల్లికి దగ్గరి చుట్టమైన అడవిపిల్లి కూడా ఉన్నది. అది ఎలుకలకు యముడే. కాని చిరుతకూ, అడవికుక్కలకూ అది ఒక ముద్ద మాత్రమే. అది కుంటుతూ నడిచినా, మూలిగినా శత్రువులకు "నన్ను తినండి" అని చెప్పినట్టే. అందుచేత నొప్పిని దాచుకోవటం పిల్లిజాతికి పుట్టుకతో వచ్చిన విద్య. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపంలో 9,500 ఏళ్ల కిందట మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికిందని 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అన్నివేల ఏళ్లుగా మనతో ఉన్నా పిల్లి ఆ విద్యను మరిచిపోలేదు.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తన్నెవరూ చూడటం లేదనుకుంటుందని సామెత. నన్నడిగితే పిల్లి మూసేది తన కళ్లు కాదు, మన కళ్లు! గురగురలాడుతున్నది గనక హాయిగా ఉన్నదని అనుకుంటాం. నిజమే, హాయిగా ఉన్నప్పుడు పిల్లి గురగురలాడుతుంది. కాని నొప్పిలో ఉన్నప్పుడు, ఒక్కొక్కసారి ప్రాణం పోయే ముందు కూడా గురగురలాడుతుంది. కనక ఆ చప్పుడును నమ్ముకోవద్దు.

మరి జబ్బును కనిపెట్టటం ఎట్లా? నిరుడు దసరా సెలవులకు ఆదిలాబాద్ నుంచి మా మేనకోడలు వచ్చింది. ఆరోతరగతి పిల్ల. వచ్చిన మర్నాడే నా దగ్గరికి వచ్చి, "అత్తా! గవ్వ మాటిమాటికీ గోలెం కాడికే పోతున్నది. నిన్నటిసంది చూస్తున్న" అన్నది.

వాకిట్లో నీళ్ల గోలెం ఉన్నది. గవ్వ దాని అంచు మీద ముందుకాళ్లు ఆనించి, మెడ వంచి చప్పరిస్తున్నది. తాగి నాలుగు అడుగులు వేసింది. మళ్లీ వచ్చి తాగింది. రోజూ చూసే కంటికి కొంచెం కొంచెంగా వచ్చే మార్పు ఆనదు. ఆరునెలలకు ఒకసారి వచ్చే పిల్లకు అది ఇట్టే కనిపించింది. "వీపు మీద ఎముకలు తగులుతున్నయి, అత్తా" అని కూడా అన్నది.

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవాళ్లు. మా మేనకోడలు ఊరుకోలేదు. గవ్వను ఒక సంచిలో, తల బయటికి ఉండేటట్టు కూర్చోబెట్టి పక్క దుకాణానికి తీసుకుపోయి కాంటా మీద పెట్టమన్నది. దుకాణదారు నవ్వి, "కిలో ఎంతకు అమ్ముతవు బిడ్డా?" అన్నాడు. సంచి బరువు తీసివేస్తే 3 కిలోల 300 గ్రాములు తేలింది. అంతకు ముందు ఏడు రేబిస్ టీకా వేయించినప్పుడు పశువుల దవాఖానాలో రాసిన చీటీ ఇంట్లో ఉన్నది. దానిమీద 4 కిలోల 100 గ్రాములని ఉన్నది. 800 గ్రాములు ఎంతలే అనుకునేరు! అది ఒంటి బరువులో ఇంచుమించు ఐదోవంతు. 50 కిలోలున్న మనిషి 40 కిలోలకు దిగినట్టు.

తరవాత నీళ్ల లెక్క. ఈ ప్రయోగం మీరు కూడా చేయవచ్చు. ఆ పిల్ల గోలెం మీద మూత పెట్టింది. ఒకే కొలత గల రెండు గిన్నెలు తీసుకుని ఒక్కొక్క దానిలో 500 మిల్లీలీటర్ల నీళ్లు పోసింది. ఒకటి గవ్వకు అందేటట్టు, రెండవది కిటికీ జాలీ అవతల గవ్వకు అందకుండా పెట్టింది. రెండోది ఎందుకో ఊహించారా? ఎండకూ గాలికీ కొన్ని నీళ్లు ఆవిరైపోతాయి గదా! ఆవిరైనవి కూడా గవ్వ తాగిందని పద్దు రాస్తే అన్యాయం. మర్నాడు అదే వేళకు చూస్తే అందని గిన్నెలో 470, గవ్వ గిన్నెలో 110 మిగిలాయి. అంటే ఆవిరైనవి 30. గవ్వ తాగినవి 360. దాని బరువుతో భాగిస్తే కిలోకు దాదాపు 110 మిల్లీలీటర్లు. కిలోకు 100 మించి తాగుతున్న పిల్లిని వైద్యునికి చూపించి తీరాలి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి అందులో సగం కూడా తాగదు.

గంపలో పాతచీర పరిచి, గవ్వను కూర్చోబెట్టి, పైన బట్ట కట్టి పశువుల దవాఖానాకు తీసుకుపోయాం. అక్కడ బర్రెలు, మేకలు, ఒక కుక్క ఉన్నాయి. గంపలోంచి "మ్యావ్" అని వినపడగానే అందరూ మా వంక చూశారు. "పిల్లికి కూడా డాక్టరేనా!" అన్నాడొక ముసలాయన. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. మా మేనకోడలి నోటుబుక్కు తీసుకుని అంకెలన్నీ చదివింది. "ఇట్లా లెక్క రాసుకుని వచ్చేవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు. సగం పని నువ్వే చేశావు" అన్నది. గవ్వ చిగుళ్లు చూసింది. అవి గులాబి రంగులో ఉండవలసింది పోయి పాలిపోయి ఉన్నాయి. కడుపు తడిమి మూత్రపిండాలు చిన్నవైపోయాయని చెప్పింది. నోటిదగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. కాలినుంచి రక్తం తీసి పరీక్షకు పంపింది. మర్నాడు సంగతి తేలింది. గవ్వ మూత్రపిండాలు చాలా మటుకు పాడైపోయాయి.

ముసలి పిల్లులకు ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. దీనికీ దాహానికీ సంబంధం ఏమిటో చెపుతాను. మూత్రపిండం అంటే ఒక జల్లెడ అనుకోండి. పిల్లి మూత్రపిండం ఒక్కొక్క దానిలో సుమారు రెండులక్షల సన్నని గొట్టాలుంటాయి. అవి రక్తంలోని మలినాన్ని వడగట్టి, మంచినీటిని తిరిగి రక్తంలోకి పంపిస్తాయి. పిల్లుల పూర్వీకులు ఎండిన, నీరులేని దేశాల్లో పుట్టాయి. ఎలుక ఒంట్లో మూడింట రెండువంతులు నీరే. ఆ నీటితోనే అవి సరిపెట్టుకునేవి. అందుచేత బొట్టు నీరు కూడా వృథా పోకుండా పట్టి ఉంచటంలో పిల్లి మూత్రపిండానిది గట్టి చెయ్యి. వయసు మీద పడినకొద్దీ ఆ గొట్టాలు ఒకటొకటిగా చెడిపోతాయి. చెడినవి మళ్లీ మొలవవు. మిగిలినవి రెట్టింపు పని చేసి నెట్టుకువస్తాయి. మూడింట రెండువంతులు పోయేదాకా బయటికి ఏమీ తెలియదు. ఆ తరవాత నీటిని పట్టి ఉంచే శక్తి పోతుంది. మూత్రం నీళ్లలాగా ఎక్కువెక్కువగా పోతుంది. పోయిన నీటికోసం పిల్లి తాగుతుంది. అందుచేత గోలెం మీద మూతపెట్టి నీళ్లు తగ్గించటం ఎంత ప్రమాదమో తెలిసిందిగదా! కొలిచే ఆ ఒక్కరోజు కూడా గిన్నెలో నీళ్లు అయిపోనివ్వకూడదు.

"నయమవుతుందా?" అని మా మేనకోడలు అడిగింది.

డాక్టరమ్మ దాని ఎదుట వంగి, "నయం కాదు తల్లీ. పోయినవి తిరిగి రావు. ఉన్నవాటిని కాపాడుకుంటే కొన్ని నెలలు, ఒక్కొక్కసారి కొన్నేళ్లు కూడా హాయిగా బతకవచ్చు" అన్నది. ఆ పిల్ల ఏడవలేదు. నోటుబుక్కులో ఏదో రాసుకున్నది. ఇంటికి వచ్చాక చూస్తే "కొన్నేళ్లు" అని రాసి కింద గీత గీసి ఉన్నది.

ఎక్కువ నీళ్లు తాగితే మూత్రపిండాల జబ్బే కానక్కరలేదు. చక్కెరజబ్బు పిల్లులకు కూడా వస్తుంది. అందులోనూ ఇదే దాహం. మరొక వింత జబ్బు ఉన్నది. పిల్లి ఆవురావురుమని తింటుంది, రాత్రిళ్లు అరుస్తుంది, కుదురుగా ఉండదు; తిన్నకొద్దీ చిక్కిపోతుంది. చూసినవాళ్లు "ముసలిదైనా ఎంత హుషారు!" అని మురిసిపోతారు. మెడలోని థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయటం దీనికి కారణం. పిల్లులలో ఈ జబ్బును 1979లో న్యూయార్కు వైద్యులు మొదటిసారి బయటపెట్టారు. దీనికి మందులున్నాయి. కనక చిక్కిపోయిన పిల్లి బాగా తింటున్నదని నిశ్చింతగా ఉండరాదు.

ఇక కీళ్లనొప్పులు. 2002లో అమెరికాలో పన్నెండేళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లులకు కీళ్లు అరిగి ఉన్నాయట! అయినా కుంటే పిల్లి ఎంత అరుదో చూడండి. అది కుంటదు. దూకటం మానేస్తుంది, అంతే. ఒక్క ఎగురున ప్రహరీగోడ ఎక్కే పిల్లి ముందు అరుగెక్కి, అక్కడినుంచి బస్తా ఎక్కి, తరవాత గోడ ఎక్కుతుంది. వీపు చివర నాకటానికి ఒళ్లు వంగదు గనక అక్కడ బొచ్చు ఉండలు కడుతుంది. గోళ్లు చెక్కలకు గీరుకోదు గనక పెరిగి వంకరపోతాయి. చలికాలం వచ్చిందంటే ఈ బాధ మరింత తెలుస్తుంది. ఆదిలాబాద్ పిల్లలకు నేను వేరే చెప్పాలా? అక్కడ చలి పది డిగ్రీలకన్న దిగువకు పడిపోయే రాత్రులు ఎన్నో! మా మేనకోడలు పాత గొంగడి ముక్క ఒకటి బస్సులో పంపించింది. గవ్వ దాని మీదినుంచి లేవనే లేవదు.

నోరు కూడా చూస్తూ ఉండాలి. తిండి దగ్గరికి ఆత్రంగా వచ్చి, వాసన చూసి, వెనక్కు తగ్గితే ఆకలి లేదని కాదు, పన్ను నొప్పి అయి ఉండవచ్చు. కాని మీరు వేళ్లు పెట్టి నోరు తెరవకండి. ఆ పని పెద్దవాళ్లది, వైద్యులది. నొప్పిలో ఉన్న పిల్లి ఎంత మచ్చికదైనా కరుస్తుంది. కరిచినా, రక్కినా వెంటనే సబ్బుతో ధారగా పదిహేను నిమిషాలు కడిగి, ఇంట్లో చెప్పి, మనుషుల దవాఖానాకు పోవాలి. దాచకూడదు.

మన ఇళ్లలో పిల్లికి ఏం పెడతాం? పాలన్నం, పెరుగన్నం. పడుచు పిల్లి అయితే అది తిని పోయి నాలుగు ఎలుకలు కూడా తింటుంది, సరిపోతుంది. ముసలిది ఎలుకను పట్టలేదు. దానికి పెరుగన్నమే గతి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్లు తనకు చాలినంత తయారుచేసుకోలేదు. అది మాంసంలోనూ చేపలోనూ ఉంటుంది, అన్నంలో ఉండదు. టారిన్ లేక పిల్లుల కళ్లు పాడవుతాయని 1975లోనూ, గుండె బలహీనపడుతుందని 1987లోనూ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు కూడా అరగవు. మాంసం ముట్టని ఇళ్లవాళ్లు కూడా పిల్లి కోసం దుకాణంలో దొరికే పిల్లి ఆహారమో, పక్కింటివాళ్లు ఉడకబెట్టిన చేపముక్కో తెప్పించటం న్యాయం. పిల్లి మన వ్రతాలు పట్టలేదు గదా!

ఇంకొక సంగతి పెద్దవాళ్లు చెవిన వేసుకోవాలి. పిల్లికి ఒళ్లు వెచ్చగా ఉన్నదని మన జ్వరం మాత్ర, అదే పారాసెటమాల్, ఒక్కటి కూడా వేయకూడదు. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. నిజానికి పిల్లి ఒళ్లు ఎప్పుడూ మనకంటె వెచ్చగానే ఉంటుంది. 101, 102 డిగ్రీలు దానికి జ్వరం కాదు.

కొన్ని లక్షణాలకు రేపటిదాకా ఆగటానికి వీలులేదు. మగపిల్లి మూత్రానికి కూర్చుని, ముక్కి, బొట్టు కూడా రాకపోతే అప్పటికప్పుడు తీసుకుపోవాలి. నోరు తెరిచి రొప్పితే కూడా అంతే. నిద్రపోతున్న పిల్లి డొక్కలు నిమిషానికి ఎన్నిసార్లు ఎగసిపడుతున్నాయో గడియారం పెట్టుకుని లెక్కించండి, 30 దాటకూడదు. రక్తపుపోటు పెరిగి రాత్రికి రాత్రి చూపుపోయే ముసలి పిల్లులున్నాయి. అవి గోడలకు తగులుకుంటాయి, వెలుతురులో కూడా కంటిపాప పెద్దదిగానే ఉంటుంది. రెండురోజులు ఏమీ తినని పిల్లిని "ఆకలైతే అదే తింటుంది" అని వదిలివేయరాదు. పస్తున్న పిల్లి కాలేయంలోకి కొవ్వు చేరి కొత్త జబ్బు పుడుతుంది.

పిల్లిని చూసేవాళ్లు మన వైపు ఎక్కడున్నారని అడుగుతారేమో. జిల్లా కేంద్రాలలో పశువుల దవాఖానాలున్నాయి. జగిత్యాల జిల్లా కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. అక్కడ చదివే పిల్లలు ఆవులనూ గేదెలనూ మాత్రమే కాదు, కుక్కలనూ పిల్లులనూ కూడా నేర్చుకుంటారు. ఆ కళాశాల చేరిన విశ్వవిద్యాలయానికి పాత కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావుగారి పేరు పెట్టారు. మీలో ఎవరైనా రేపు అక్కడ చదవవచ్చు.

గవ్వకు ఇప్పుడు వారానికి రెండుసార్లు చర్మం కింద సెలైను ఎక్కిస్తారు. మొదటిసారి గింజుకున్నది. ఇప్పుడు చెవులు వెనక్కు వేసి ఓర్చుకుంటుంది. ఇంట్లో మూడుచోట్ల నీళ్ల గిన్నెలు పెట్టాం. డాక్టరమ్మ చెప్పిన తడి తిండి రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెడుతున్నాం. సంక్రాంతి నాటికి 3 కిలోల 600 గ్రాములయింది. బియ్యం దుకాణంవాడు ఇప్పుడు నవ్వటం లేదు. ఆదివారం మేము పోవటం ఆలస్యమైతే "ఇయాల పిల్లి రాలేదేంది?" అని తనే కేకవేస్తాడు.

తూచిన వెంటనే ఆదిలాబాద్‌కు ఫోను చేసి చెప్పాలి. అది మా మేనకోడలి ఆజ్ఞ. ఈ ఆదివారం 3 కిలోల 450 అని చెప్పాను. అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"పోయిన వారం 500 ఉండె. ఆ ముందువారం 550. అత్తా, రేపే తీసుకపో" అన్నది.

గంప కడిగి ఎండలో పెట్టాను.